4294967295: సున్నా నుంచి ఒకటి తీసేస్తే వచ్చిన ఈ సంఖ్యకు గణితంలో ప్రత్యేకత ఏమైనా ఉందా?

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా. మీ ప్రోగ్రాంలో రుణ సంఖ్యలు పట్టని 32 బిట్ల వేరియబుల్‌ ఒకటి ఉంది, అందులో 0 నుంచి 1 తీసేస్తే 4294967295 వచ్చింది. 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య అదే కాబట్టి అలా వచ్చిందని మీకు తెలుసు. కంప్యూటర్ సంగతి పక్కన పెడితే ఈ సంఖ్యకు సొంతంగా ఏమైనా విలువుందా, ఇది ప్రధాన సంఖ్యా, కాకపోతే కారణాంకాలు చేత్తో ఎలా కనుక్కోవాలి, 64 బిట్ల సంఖ్యకూ ఇవన్నీ వర్తిస్తాయా అన్నది మీరు అడిగింది.

ప్రత్యేకత చాలా ఉంది. విద్యార్థులకు సంఖ్యా సిద్ధాంతం మీద ఇష్టం పుట్టించాలంటే ఏ సంఖ్య తీసుకోవాలని ఎవరైనా నన్ను అడిగితే నేను ఇదే చెప్తాను. దీని గుణాలన్నీ ఒకే మూలం నుంచి వస్తాయి, ఆ మూలం తొమ్మిదో తరగతి పుస్తకంలో ఉన్నదే.

పెద్ద సంఖ్య కనబడగానే చాలామంది దాని అంకెల వెంట పడతారు, 7తో భాగిస్తుందా, 11తో భాగిస్తుందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ పోతారు. ఇక్కడ అలా వద్దు. 429 కోట్ల 49 లక్షల 67 వేల 295 అన్న దశాంశ రూపం మనకేమీ చెప్పదు, చివరి 5 చూసి 5తో భాగిస్తుందనీ అంకెల మొత్తం 57 చూసి 3తో భాగిస్తుందనీ తెలుస్తుంది, అంతవరకే. దీని అసలు రూపం 2³² − 1. బైనరీలో రాస్తే వరసగా ముప్పై రెండు 1లు, ఇంకేమీ లేదు. ఇప్పుడు 2³² అంటే 65536 వర్గం అని గుర్తు తెచ్చుకోండి. ఒక సంఖ్య వర్గం నుంచి 1 తీసేస్తే వచ్చేది, ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువదాన్నీ ఒకటి ఎక్కువదాన్నీ గుణిస్తే వచ్చేది ఒకటే కదా. దాన్నే మళ్ళీ మళ్ళీ వాడదాం:

4294967295 = 65535 × 65537
65535 = 255 × 257
255 = 15 × 17
15 = 3 × 5

అంటే 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు, కాగితం కూడా అక్కర్లేదు. ఘాతాంకం 32 కావడం వల్లే ఇంత సాఫీగా జరిగింది: 32, 16, 8, 4, 2, 1 అని సగం చేసుకుంటూ చివరిదాకా వెళ్ళొచ్చు. అదే 2³⁰ − 1 అయితే ఒక్క అడుగు తర్వాత 2¹⁵ − 1 దగ్గర ఆగిపోతాం, ఎందుకంటే 15ను సగం చేయలేం. (అది 32767, దాని కారణాంకాలు 7, 31, 151. వాటికి వేరే దారి వెతకాలి.)

3, 5, 17 ప్రధాన సంఖ్యలని చూస్తేనే తెలుస్తుంది. 257కి 13 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది, ఏదీ నిశ్శేషంగా పోదు. 65537 సంగతి కొంచెం చూడాలి. దాని వర్గమూలం 256 పైన కాస్త, కాబట్టి 256 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి, అవి 54 ఉన్నాయి. కానీ అంత శ్రమ అక్కర్లేదు. 65537 అంటే 2¹⁶ + 1. ఏదైనా ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, ఆ ప్రధాన సంఖ్యతో 2¹⁶ని భాగించినప్పుడు శేషం −1 కావాలి, అప్పుడు 2³²కి శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 32 అడుగులకోసారి మొదటికి వస్తాయి, అంతకు ముందు రావు. మరోవైపు ఏ బేసి ప్రధాన సంఖ్యకైనా, దానికంటే ఒకటి తక్కువ ఘాతం దగ్గర 2 శేషం 1 అవుతుందని ఫెర్మా చిన్న సిద్ధాంతం చెప్తుంది. రెండూ కలిపితే ఆ ప్రధాన సంఖ్య నుంచి 1 తీసేసినది 32తో భాగించబడాలి. అలాంటివి 256 లోపు 33, 65, 97, 129, 161, 193, 225. వీటిలో ప్రధాన సంఖ్యలు 97, 193 రెండే. 65537ను 97తో భాగిస్తే 62 మిగులుతుంది, 193తో భాగిస్తే 110 మిగులుతుంది. అయిపోయింది, 65537 ప్రధాన సంఖ్యే. 54 భాగహారాల పని రెండు భాగహారాల్లో తేలింది. ఈ ఒక్క యుక్తి బాగా పట్టుకోండి, కిందకి వచ్చాక మళ్ళీ పనికొస్తుంది.

3, 5, 17, 257, 65537. వీటిని ఫెర్మా ప్రధాన సంఖ్యలంటారు. 2 ఘాతాంకంగా 1, 2, 4, 8, 16 పెట్టి 1 కలిపితే వచ్చేవి. లెక్క సున్నా నుంచి మొదలుపెడతారు, కాబట్టి 3 సున్నావది, 65537 నాలుగోది. ఇప్పటిదాకా ప్రపంచానికి తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఈ అయిదే. మీ స్క్రీన్ మీద కనబడిన సంఖ్య సరిగ్గా ఆ అయిదింటి లబ్ధం, ఒకటి తక్కువ కాదు, ఒకటి ఎక్కువ కాదు. నాకు దీన్ని మించిన విశేషం ఇంకొకటి అక్కర్లేదు, కానీ ఇక్కడినుంచి వచ్చేవి ఇంకా బాగుంటాయి.

అయిదు వేరువేరు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాలేదు, కాబట్టి మొత్తం భాజకాలు 32. అన్నీ కూడితే 4 × 6 × 18 × 258 × 65538 = 7304603328. ఇందులో సంఖ్యను తీసేస్తే మిగిలేది సంఖ్య కంటే తక్కువ, అంటే పరిపూర్ణ సంఖ్యకు (తనను తప్ప మిగతా భాజకాలన్నీ కూడితే తనే వచ్చే సంఖ్యకు) దగ్గర్లో కూడా లేదు. ఆ లెక్క అంతటితో వదిలేద్దాం. ఆ 32 భాజకాలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు బైనరీలో రాసి చూడండి, అసలు సంగతి అక్కడుంది. మొదటి ఎనిమిది:

వరస 0: 1 (అంటే 1)
వరస 1: 11 (3)
వరస 2: 101 (5)
వరస 3: 1111 (15)
వరస 4: 10001 (17)
వరస 5: 110011 (51)
వరస 6: 1010101 (85)
వరస 7: 11111111 (255)

ఇది పాస్కల్ త్రిభుజం. పింగళుడి ఛందశ్శాస్త్రానికి వ్యాఖ్య రాసిన హలాయుధుడు వివరించిన మేరు ప్రస్తారం అదే. ఆ త్రిభుజంలో సరి సంఖ్య ఉన్నచోట 0, బేసి సంఖ్య ఉన్నచోట 1 వేస్తే పైన రాసిన వరసలే వస్తాయి. 1 4 6 4 1 అన్న వరస 10001 అయింది చూడండి. ఇలా 0 నుంచి 31 వరకు ముప్పై రెండు వరసలూ రాస్తే, 4294967295కి ఉన్న ముప్పై రెండు భాజకాలూ ఒక్కటి తప్పకుండా, అదే క్రమంలో వస్తాయి, చివరి వరస ముప్పై రెండు 1లు, అంటే మన సంఖ్యే. ఎందుకిలా అవుతుందంటే, వరస సంఖ్యను బైనరీలో రాసి 1 ఉన్న స్థానాలు చూస్తే ఏయే ఫెర్మా సంఖ్యలు గుణించాలో తెలిసిపోతుంది. ఆరో వరస తీసుకుందాం: 6 బైనరీలో 110, కుడి నుంచి లెక్కపెడితే సున్నా స్థానంలో 0, ఒకటో స్థానంలోనూ రెండో స్థానంలోనూ 1, కాబట్టి ఒకటో ఫెర్మా సంఖ్య 5ను రెండో ఫెర్మా సంఖ్య 17తో గుణించాలి, 85. గుణించేటప్పుడు బైనరీలో ఎక్కడా 1 మీద 1 పడదు, చేతిలో ఏమీ మిగలదు, అందుకే నమూనా చెదరదు.

ఇక ఆయిలర్ ఫై విలువ. 1 నుంచి ఆ సంఖ్య వరకు ఉన్నవాటిలో, దానితో 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేనివి ఎన్ని ఉన్నాయన్నదే ఫై. ఉదాహరణకు 15కి అలాంటివి 1, 2, 4, 7, 8, 11, 13, 14, మొత్తం 8. ప్రధాన కారణాంకాలన్నీ వేరువేరు అయినప్పుడు ఒక్కోదాంట్లోంచి 1 తీసి గుణిస్తే చాలు. మన సంఖ్యకు 2 × 4 × 16 × 256 × 65536. అన్నీ 2 ఘాతాలే! ఘాతాంకాలు 1, 2, 4, 8, 16 కూడితే 31. కాబట్టి ఫై విలువ 2³¹, అంటే 2147483648.

ఇప్పుడు పక్కనున్న 4294967296 ఫై విలువ చూడండి. అది 2³², దానితో ఉమ్మడి భాజకం లేనివి బేసి సంఖ్యలు మాత్రమే, అవి సరిగ్గా సగం, అంటే 2³¹. పక్కపక్కనున్న రెండు సంఖ్యలకు ఒకే ఫై విలువ. ఒకదానికి 2 తప్ప వేరే ప్రధాన కారణాంకమే లేదు, రెండోదానికి 2 లేదు, వేరే అయిదు ఉన్నాయి, అయినా లెక్క సమానం. 15, 16కి కూడా ఇంతే (8, 8), 255, 256కీ ఇంతే (128, 128), 65535, 65536కీ అంతే. వేరేలా చెప్తే, ఈ సంఖ్యలకు ఫై విలువను రెట్టింపు చేస్తే సంఖ్య కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ వస్తుంది. ఈ లక్షణం 2 ఘాతానికి ఒకటి తక్కువైన వాటికే ఉంటుందని అనుకుంటారేమో, లేదు: 83623935 కూడా అలాంటిదే. అది 3 × 5 × 17 × 353 × 929, దాని ఫై 41811968, రెట్టింపు చేసి సరిచూసుకోండి. 353, 929 ఫెర్మా సంఖ్యలు కావు, అయినా ఆ రెండూ కలిసి లెక్క సరిపెట్టాయి.

పైన రాసిన వరసలకీ దీనికీ సంబంధం ఉంది. వరస 6లో 85 ఉంది, దాని ఫై 4 × 16 = 64 = 2⁶. వరస 5లో 51, దాని ఫై 32 = 2⁵. ప్రతి వరసలోనూ వరస సంఖ్యే ఘాతాంకం. దీన్నిబట్టి 2⁰ నుంచి 2³¹ వరకు ఏ ఘాతం తీసుకున్నా, దాన్ని ఫై విలువగా గల బేసి సంఖ్య ఒకే ఒక్కటి ఉంటుంది, అది మన సంఖ్య భాజకాల్లోనే ఉంటుంది. 2³²కి అలాంటి బేసి సంఖ్య ఒక్కటి కూడా లేదు.

ఎందుకు లేదు? 4294967295కి 2 కలిపితే 4294967297, అంటే 2³² + 1, అయిదో ఫెర్మా సంఖ్య. అలాంటి బేసి సంఖ్య ఉండాలంటే ఇది ప్రధాన సంఖ్య కావాలి, కానీ కాదు. ఈ వరసలో అన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని 1640 ప్రాంతంలో ఫెర్మా గట్టిగా నమ్మాడు. మొదటి అయిదూ అలాగే ఉన్నాయి కాబట్టి ఆ నమ్మకాన్ని తప్పుపట్టలేం. 1732లో ఆయిలర్ దీన్ని 641 × 6700417గా విడగొట్టాడు. 641 ఎలా దొరికింది అన్నదానికి పైన 65537కి వాడిన యుక్తే సమాధానం: ఈసారి భాజకం నుంచి 1 తీసేస్తే 64తో భాగించబడాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరుకుతుంది!

641 నిజంగా భాగిస్తుందని భాగహారం చేయకుండా కూడా చూపించొచ్చు, ఇది నాకు చాలా ఇష్టమైన లెక్క. 641 అంటే 5 × 128 + 1, అదే 625 + 16 కూడా. మొదటి రూపం ప్రకారం 641తో భాగించేటప్పుడు 5 × 2⁷కి శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి తీసుకెళ్తే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴, అంటే 625, −16తో సమానం, అంటే −2⁴. దాన్ని పైదాంట్లో పెడితే −2³²కి శేషం 1, అంటే 2³² + 1 నిశ్శేషంగా భాగించబడుతుంది. మూడు పంక్తులు.

ఈ 641, మన సంఖ్య కారణాంకాల్లో ఒకటి కాలేదని గమనించారా? కాలేదు అనడం కూడా చాలదు, అసలు కాజాలదు. అంతకు ముందున్న ఫెర్మా సంఖ్యలన్నీ గుణించి 2 కలిపితే తర్వాతి ఫెర్మా సంఖ్య వస్తుంది. రెండిటినీ ఏదైనా భాగిస్తే వాటి తేడా 2ను కూడా భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. కాబట్టి ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండదు. ప్రతి ఫెర్మా సంఖ్యా కనీసం ఒక కొత్త ప్రధాన సంఖ్యను తెస్తుంది కనుక ప్రధాన సంఖ్యలు అనంతం అని 1730లో గోల్డ్‌బాఖ్ ఆయిలర్‌కి రాశాడు.

ఇటు పక్క చూస్తే, మన సంఖ్య నుంచి 1 తీసేస్తే 4294967294 = 2 × 2147483647. ఆ 2147483647 ప్రధాన సంఖ్య, 2³¹ − 1, దాన్ని 1772లో నిరూపించిందీ ఆయిలరే. రుణ సంఖ్యలు పట్టే 32 బిట్ల వేరియబుల్‌లో అతి పెద్ద విలువ కూడా అదే, మీరు దాన్ని కూడా చూసే ఉంటారు.

రేఖాగణితంలోకి వస్తే ఈ సంఖ్య స్థానం ఇంకా గట్టిది. కంపాస్, గీతలు లేని స్కేలు, ఈ రెండిటితోనే ఏయే క్రమ బహుభుజులు గీయొచ్చు అన్నది గ్రీకుల కాలం నాటి ప్రశ్న. 1796లో గాస్ 17 భుజాలదాన్ని గీయొచ్చని చూపించాడు, అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. తర్వాత పూర్తి నియమం తేలింది: భుజాల సంఖ్య వేరువేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి, దాన్ని 2తో ఎన్నిసార్లైనా గుణించుకోవచ్చు. ఇంకే సంఖ్యకూ కుదరదని 1837లో వాన్‌జెల్ నిరూపించాడు. కాబట్టి గీయగలమని మనకు తెలిసిన బేసి భుజాల బహుభుజులు సరిగ్గా 31, అవి 4294967295 భాజకాల్లో 1 తప్ప మిగిలినవన్నీ. అన్నిటికంటే పెద్దది 4294967295 భుజాలది. దాన్ని భూమధ్యరేఖ అంత వృత్తంలో గీస్తే ఒక్కో భుజం 9.3 మిల్లీమీటర్లు వస్తుంది, భుజం మధ్యలో వృత్తానికీ గీతకీ ఉండే ఎడం ఒక పరమాణువు వెడల్పు కంటే కూడా చాలా తక్కువ. కంటితో చూసి అది వృత్తం కాదని చెప్పే దారే లేదు. అయినా సూత్రప్రాయంగా అది గీయగల బహుభుజి, ఏడు భుజాలది కాదు.

ఇంకో రెండు చిన్న విషయాలు. దీన్ని వర్గాల మొత్తంగా రాయాలంటే నాలుగు వర్గాలు కావాలి, రెండుతోనూ మూడుతోనూ కుదరదు, ఎందుకంటే 8తో భాగిస్తే 7 మిగిలే ఏ సంఖ్యా మూడు వర్గాల మొత్తం కాదు. అలాగే ఇది త్రిభుజ సంఖ్య (1, 3, 6, 10 వరసలోది) కూడా కాదు. అది తేల్చడానికి రామానుజన్ ప్రతిపాదన ఒకటి పనికొస్తుంది: 2 ఘాతం నుంచి 7 తీసేస్తే వర్గం అయ్యేది ఘాతాంకం 3, 4, 5, 7, 15 అయినప్పుడు మాత్రమే అని ఆయన 1913లో ప్రతిపాదించాడు, 1948లో నాగెల్ నిరూపించాడు. ఏ త్రిభుజ సంఖ్యనైనా 8తో గుణించి 1 కలిపితే వర్గం వస్తుంది, కాబట్టి మన సంఖ్య త్రిభుజ సంఖ్య కావాలంటే 2³⁵ − 7 వర్గం కావాలి, ఆ జాబితాలో 35 లేదు.

భిన్నం సంగతి కూడా చెప్పాలి. 1ని 4294967295తో భాగించి బైనరీలో రాస్తే ముప్పై ఒక్క సున్నాలు, ఒక 1, మళ్ళీ అదే, 32 అంకెలకోసారి తిరిగొస్తుంది. అదే దశాంశాల్లో రాస్తే 65536 అంకెలకు గానీ తిరిగి రాదు. 1ని 17, 257, 65537లతో భాగిస్తే మూడిటికీ దశాంశ ఆవర్తనం, అంటే తిరిగొచ్చే అంకెల గుంపు, సాధ్యమైనంత పొడవుగా ఉంటుంది (16, 256, 65536), మొదటి రెండూ మూడోదాన్ని భాగిస్తాయి కాబట్టి అన్నీ కలిపినా 65536 దగ్గరే ఆగుతుంది. ఒకే సంఖ్య, ఒక ఆధారంలో ఇంత సాదాగా, ఇంకో ఆధారంలో ఇంత చిక్కుగా కనబడుతుంది. అంకెల వెంట పడొద్దని మొదట్లో అన్నది ఇందుకే.

చివరగా 64 బిట్ల సంఖ్య. 18446744073709551615 అంటే 2⁶⁴ − 1. మొదటి అడుగు అదే: 4294967295 × 4294967297. ఎడమదాని కారణాంకాలు మనకు తెలుసు, కుడిదాన్ని ఆయిలర్ విడగొట్టి పెట్టాడు. కాబట్టి అది 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417, చేత్తో కారణాంకాలు రాయడం వరకు అన్నీ వర్తిస్తాయి. భాజకాలు 128. కానీ మిగతా గుణాలు ఇక్కడ తెగిపోతాయి. 641 లోంచి 1 తీస్తే 640, అది 2 ఘాతం కాదు, అందువల్ల ఫై విలువ 2⁶³కి కొంచెం తక్కువగా ఆగిపోతుంది, పక్క సంఖ్య ఫైతో సమానం కాదు. పాస్కల్ త్రిభుజంలో 64 వరసలు రాస్తే అన్నీ దీని భాజకాలే అవుతాయి గానీ, 641 లాంటి మరో 64 భాజకాలు ఆ త్రిభుజంలో ఎక్కడా కనబడవు. ఆ సంఖ్యలో భుజాలున్న క్రమ బహుభుజిని కంపాస్, స్కేలుతో గీయలేం. ఆ తర్వాతి ఫెర్మా సంఖ్యల్లో అయిదు నుంచి ముప్పై రెండు వరకు ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదని ఇప్పటికే తేలింది, ముప్పై మూడోదాని సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. ఒకవేళ అది ప్రధాన సంఖ్య అయితే గీయగల బేసి బహుభుజుల జాబితా మళ్ళీ పెరుగుతుంది. అప్పటిదాకా ఆ జాబితాలో ఆఖరిది మీ ప్రోగ్రాం చూపించిన 4294967295.